తుఫాను రాకూడని మండలం

మువ్వలరేవు మండలానికి గత పదేళ్ళలో ఒక్క విపత్తు కూడా రాలేదని రాజధానిలో కనిపెట్టారు. ఆ సంగతి తెలిసి అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది మువ్వలరేవు వాళ్ళే.

ఇదంతా ఒక మోటారుతో మొదలైంది. ఫ్రిజ్ వెనకాల గుర్రుమంటూ తిరిగే చిన్న మోటారు. సగం ప్రపంచానికి ఆ మోటార్లు సరఫరా చేసే ఒక విదేశీ కంపెనీకి ఎక్కడో తూర్పు దేశంలో నది ఒడ్డున ఫ్యాక్టరీ ఉండేది. ఒక ఏడాది ఆ నది ఫ్యాక్టరీలోకి వచ్చి, వర్షాకాలం అయిపోయేదాకా అక్కడే మకాం పెట్టింది. దాంతో ఒక ఖండంలో ఫ్రిజ్‌ల తయారీ ఆగిపోయింది. ఇంకో ఖండంలో ఐస్‌క్రీం కంపెనీల షేర్లు పడిపోయాయి. దెబ్బతిన్న కంపెనీ, ఇకమీదట ఫ్యాక్టరీ పెడితే వరద, తుఫాను, భూకంపం, అగ్నిప్రమాదం ఏవీ తొంగిచూడని చోటనే పెడతామని ప్రకటించింది. అయితే సరుకు ఓడల్లో పోవాలి కాబట్టి, ఆ చోటు సముద్రానికి దగ్గరగా కూడా ఉండాలంది.

వెనకబడిన ప్రాంతాలకు పరిశ్రమలు తెచ్చిపెట్టడానికి మన దగ్గర ప్రాంతీయ పారిశ్రామిక సమతుల్యతా సంస్థ అని ఒకటి ఉంది. దాని ప్రత్యేకాధికారి విశ్వంభరరావు. కోటు వేసుకోకుండా ఆయన్ని చూసినవాళ్ళు తక్కువ. ఆయన తీరప్రాంత మండలాలన్నిటి నుంచీ పదేళ్ళ విపత్తుల వివరాలు తెప్పించాడు. ప్రతి మండలం గడి నిండా తుఫాన్లూ వరదలూ కిక్కిరిసి ఉన్నాయి. మువ్వలరేవు గడి మాత్రం తెల్లగా మెరిసిపోతూ కనిపించింది.

ఆ తెలుపుకి కారణం చాలా సాదా సంగతి. పదేళ్ళలో ఎక్కువకాలం మువ్వలరేవుకి తహసీల్దారే లేడు. అక్కడికి వేసినవాళ్ళంతా సెలవు పెట్టి, ఆ సెలవులోనే బదిలీ చేయించుకునేవారు. పక్క మండలం ఆయన ఎప్పుడైనా జీపులో వచ్చి, నాలుగు సంతకాలు పెట్టి, టీ అయినా తాగకుండా వెళ్ళిపోయేవాడు. తుఫాన్లు వచ్చాయి, పోయాయి. పైకి రాసే మనిషి లేడు. రాయనిది జరగలేదన్నది ఆఫీసుల్లో అందరికీ తెలిసిన శాస్త్రమే.

ఇన్నాళ్ళకి ఆ మండలానికి వచ్చి నిలదొక్కుకున్న తహసీల్దారు బెహరా సుభాషిణి. బొబ్బిలి దగ్గర మనిషి. డిప్యూటీగా ఏళ్ళ తరబడి పనిచేసి, ప్రమోషన్ మీద మొదటిసారి సొంత కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ ఆవిడకి ఇష్టం. దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేదు. ఈ రెండూ గుర్తుంచుకుంటే తర్వాత జరిగింది అర్థమవుతుంది.

విశ్వంభరరావు స్వయంగా మువ్వలరేవు వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"మేడమ్, మీరు మామూలు మండలంలో లేరు. భూగోళం మీద అత్యంత అరుదైన స్థలంలో విధులు నిర్వర్తిస్తున్నారు."

"సార్, మూడేళ్ళ కిందటి తుఫానులో ఈ ఆఫీసు వరండా రేకులే లేచిపోయాయట. మా వాళ్ళు చెబుతున్నారు."

"రికార్డులో ఉందా?"

"లేదు సార్."

"వరండాకి ఇప్పుడు రేకులున్నాయా?"

"లేవు సార్."

"అయితే ఈ వరండా మొదటినుంచీ ఆరుబయలు పద్ధతిలో నిర్మించబడి ఉంటుంది," అని విశ్వంభరరావు తల పైకెత్తి ఆకాశాన్ని మెచ్చుకోలుగా చూశాడు.

వారం తిరక్కుండా మువ్వలరేవును విపత్తురహిత మండలంగా ప్రకటించారు. బస్టాండు దగ్గర కమాను లేచింది. ఆ వెనకే ఉత్తర్వులు వచ్చాయి. ఫైరింజను ఉంటే నిప్పు అంటుకుంటుందన్న అనుమానం పెట్టుబడిదారులకు కలిగే అవకాశం ఉంది కనుక, దాన్ని పక్క మండలానికి తరలించారు. రేవు దగ్గర ప్రమాద సూచిక జెండాలు ఎగరేసే స్తంభం మీద ఇక పండగ జెండాలే ఎగరాలన్నారు. ఊరికి మెరక మీద ఒక తుఫాను షెల్టరు ఉండేది. బలమైన పిల్లర్ల మీద కట్టిన పెద్ద హాలు. దానికి రంగులు వేసి 'పెట్టుబడిదారుల స్వాగత కేంద్రం' అని బోర్డు పెట్టారు. జనం కూడా ఏమీ తక్కువ తినలేదు. ఇసుకదిబ్బల మీద రాళ్ళు పాతి, "విపత్తురహిత ప్లాట్లు, త్వరపడండి" అని బోర్డులు కట్టారు. సముద్రం అల తాకే చోట ఉన్న ప్లాటుకి అందరికన్నా ఎక్కువ ధర పలికింది.

అంతా సవ్యంగా సాగుతుండగా మైలపల్లి దాలమ్మ ఇల్లు కాలిపోయింది.

దాలమ్మ ఇసకపేటలో ఉంటుంది. అది సముద్రం ఒడ్డున చేపలవాళ్ళ పేట. మొగుడు పోయాక ఎండుచేపలు అమ్ముకుని బతుకుతోంది. మిట్టమధ్యాహ్నం పొయ్యిలోంచి నిప్పురవ్వ లేచి తాటాకు కప్పు అంటుకుంది. ఫైరింజను పక్క మండలం నుంచి పరుగున వచ్చి, సరిహద్దు రాయి దగ్గర ఆగింది. అవతలికి వెళ్తే అక్కడ నిప్పున్నట్టు ఒప్పుకున్నట్టవుతుందని డ్రైవరుకి పైనుంచి ఫోను వచ్చింది. అతను ఇంజను ఆపి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, దూరంగా లేస్తున్న పొగని చూస్తూ నిలబడ్డాడు.

సుభాషిణి ఉన్నదున్నట్టు రిపోర్టు పంపింది. సాయంత్రానికి విశ్వంభరరావు ఫోను.

"మేడమ్, అగ్నిప్రమాదం అని రాశారు. ఎవరు నిర్ధారించారు?"

"ఇల్లు కాలిపోయింది సార్."

"కాలిపోవడమనేది ఫలితం. కారణం ఏమిటి?"

"నిప్పు సార్."

"నిప్పు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దాన్ని మనం వంట అంటాం. పరిమితికి మించిన వంట అని సవరించి పంపండి."

మర్నాడు దాలమ్మే ఆఫీసుకి వచ్చింది. చేతిలో సంచి ఉంది. దాన్ని సుభాషిణి బల్ల మీద బోర్లించింది. బూడిద.

"తాసిల్దారమ్మా, నా ఇల్లు కాలిపోనాదా, నేదా? నువ్వే సూసి సెప్పు. కాలిపోనేదంటే సెప్పు, ఎల్లి అందులో తొంగుంటాను."

రిపోర్టులో దిద్దిన మాట సుభాషిణి కళ్ళముందే ఉంది. దిద్దింది తన చెయ్యే. బూడిదని మెల్లగా సంచిలోకి ఎత్తుతూ, "సాయంత్రం వస్తాను దాలమ్మా," అంది.

నష్టపరిహారం ఇవ్వడానికి వీల్లేదు, నష్టమే లేదు కనుక. కానీ స్వాగత ఏర్పాట్ల కింద పందిళ్ళకీ టార్పాలిన్లకీ ఎంత అడిగితే అంత మంజూరవుతోంది. సుభాషిణి ఇసకపేటలో ఒక స్వాగత పందిరి అవసరమని రాసింది. మంజూరు సాయంత్రానికే వచ్చింది. దాలమ్మ ఇంటి జాగాలో వెదుళ్ళు పాతి, పైన నీలంరంగు టార్పాలిన్ కప్పి, చుట్టూ తడికలు కట్టించింది.

దాలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని పైకి చూసింది. "ఏటమ్మా దాని మీద రాసున్నాది?"

"పెట్టుబడిదారులకు సుస్వాగతం అని."

"రానీ. ఎండుసేపలేమైనా కొంటారేమో," అంది దాలమ్మ.

కార్తీకంలో కంపెనీ వాళ్ళు స్థలం చూడటానికి వస్తున్నట్టు కబురు వచ్చింది. ఆ కబురుతోపాటే బంగాళాఖాతంలో వాయుగుండం కూడా బయల్దేరింది. అది తుఫానై, మువ్వలరేవుకి అటూ ఇటూగా తీరం దాటుతుందని వాతావరణశాఖ చెప్పింది. పక్క మండలాల్లో మైకులు మోగాయి, బస్సులు కదిలాయి, జనాన్ని బడుల్లోకీ షెల్టర్లలోకీ చేర్చడం మొదలైంది. మువ్వలరేవులో మైకులు కంపెనీవాళ్ళకి స్వాగతం చెబుతున్నాయి.

సుభాషిణి ఫోన్లో విశ్వంభరరావుని బతిమాలింది.

"ఇసకపేట ఖాళీ చేయించాలి సార్. ఉత్తర్వు ఇవ్వండి."

"మేడమ్, ఖాళీ చేయించితే తుఫాను వచ్చినట్టు ఒప్పుకున్నట్టే కదా. మన కార్యాలయం తయారుచేసిన పటం చూడలేదా? గాలులు ఉత్తరంగానూ దక్షిణంగానూ చీలిపోతున్నాయి. మధ్యలో మీ మండలం సురక్షితంగా తెల్లగా ఉంది."

"ఆ తెలుపు మనం వేసింది కదా సార్!"

"అందుకే అది ప్రామాణికం. ఒక్క మనిషిని కదిలించినా క్రమశిక్షణ చర్య తప్పదు," అని ఆయన ఫోను పెట్టేశాడు.

సుభాషిణి ఆఫీసు మెట్ల మీదికి వచ్చి నిలబడింది. గాలిలో ఉప్పు వాసన చిక్కబడింది. కాకులు ఒక్కటీ లేవు. కుర్చీ గురించి ఆలోచించింది. ఇసకపేటలో రాత్రి పూట తడికల మధ్య పడుకునే పిల్లల గురించి ఆలోచించింది. దాలమ్మ బూడిద సంచి గుర్తొచ్చింది. లోపలికి వెళ్ళి మళ్ళీ ఫోను చేసింది. ఈసారి గొంతులో ఉత్సాహం నింపుకుంది.

"సార్, కంపెనీవారికి జనం ఘనంగా స్వాగతం చెప్పాలంటే ముందు ఒక రిహార్సల్ ఉండాలని నా మనవి. ఇసకపేట జనాన్నంతా పిల్లాజెల్లాతో సహా స్వాగత కేంద్రానికి తెచ్చి, రెండు రోజులు అక్కడే ఉంచి, చప్పట్లూ నినాదాలూ నేర్పిద్దాం."

అవతల విశ్వంభరరావు గొంతు ఆర్ద్రమైంది.

"ఇదీ, ఇదీ కావలసిన దృక్పథం! బస్సులెన్ని కావాలి? భోజనాల్లో లోటు రాకూడదు. జనరేటరు పంపిస్తాను. అన్నట్టు, ముఖ్య అతిథిగా నేనే వస్తాను."

తుఫాను బాధితుల కోసమని అడిగితే ఏనాడూ రాని బస్సులు, రిహార్సల్ అనగానే వరసకట్టి వచ్చాయి. చిక్కల్లా ఇసకపేట వాళ్ళతోనే వచ్చింది. సముద్రం రంగు చూసి వాళ్ళకీ భయంగానే ఉంది. కానీ పడవల్ని, వలల్ని, మేకల్ని వదిలేసి, ఎవరో దొరలకి చప్పట్లు కొట్టడానికి వెళ్ళమంటే ఒళ్ళు మండింది. దాలమ్మ తన పందిరి గుమ్మంలో బైఠాయించింది.

"నానొల్లను. గాలొస్తాదని సెప్పు, ఇప్పుడే నెగుస్తాను. సప్పట్లకయితే నానెక్కడికీ రాను."

బస్సు దగ్గర విశ్వంభరరావు సంస్థ ఉద్యోగులు నిలబడి చూస్తున్నారు. సుభాషిణి దాలమ్మ పక్కన ఇసుకలోనే కూర్చుని, గొంతు తగ్గించింది.

"గాలొస్తోంది దాలమ్మా. పెద్దది. ఆ మాట మైకులో చెప్పే అధికారం నాకు లేదు. చెప్పినట్టు తెలిస్తే నన్ను తీసేస్తారు. నీతో చెప్పేశాను. ఇక నీ ఇష్టం."

దాలమ్మ ఆవిడ ముఖంలోకి చూసింది. లేచి చీర దులుపుకుంది.

"ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదేటి! ఓలమ్మలారా, సప్పట్లకి పదండే! సంటి గుంటల్ని ఎత్తుకోండి. రేసను కార్డులు కొంగున కట్టుకోండి. మేకల్ని కూడా తోలండి, అవీ సప్పట్లు కొడతాయి!"

పేట మొత్తం బస్సులెక్కింది. ఆఖరి బస్సులో మేకలు ఎక్కాయి.

తమ పటాన్ని తామే నమ్మే అధికారులు ఎక్కువమంది ఉండరు. విశ్వంభరరావు నమ్మాడు. మర్నాడు పొద్దున్నే కారులో స్వాగత కేంద్రానికి వచ్చి, పూలదండ వేయించుకుని మైకు అందుకున్నాడు. "ప్రపంచీకరణ యుగంలో మువ్వలరేవు పాత్ర" అని మొదలుపెట్టాడు. కిటికీ తలుపులు కొట్టుకోవడం మొదలైంది. "కొంచెం గాలి చురుగ్గా ఉంది, ఇది పారిశ్రామిక వాతావరణానికి శుభసూచకం," అన్నాడు. కరెంటు పోయింది. జనరేటరు మీద నడిచిన మైకు కూడా కాసేపటికి మూగబోయింది. హోరు చెవులు పగిలేలా లేచింది. దూరంగా సముద్రం గోడలా లేవడం కిటికీ సందులోంచి చూసిన పిల్ల ఒకతె కెవ్వుమంది. దాలమ్మ ఆ పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. సుభాషిణి ఒక్కొక్క కుటుంబాన్నీ పేరుపెట్టి పిలుస్తూ అందరూ ఉన్నారో లేదో చూసుకుంటోంది.

అప్పుడే ఫెళ్ళుమని చప్పుడైంది. కొబ్బరిచెట్టు విరిగి విశ్వంభరరావు కారు మీద పడింది.

ఆయన మెల్లగా వచ్చి దాలమ్మ పక్కన, రెండు మేకల మధ్య చతికిలబడ్డాడు. కిటికీలోంచి కొట్టిన వానకి కోటు తడిసి నీళ్ళు కారుతున్నాయి.

"ఏటి బాబూ, ఇది గాలేనా?" అడిగింది దాలమ్మ.

"విషయం... విషయం పరిశీలనలో ఉందమ్మా," అన్నాడాయన. చెయ్యి మాత్రం మేక మెడ చుట్టూ గట్టిగా వేసి ఉంచాడు.

మధ్యాహ్నం మూడో ఝాముకి గాలి తగ్గింది. ఇసకపేట లేదు. వలలు కొబ్బరి మొవ్వుల మీద వేలాడుతున్నాయి. పడవలు పొలాల్లో ఉన్నాయి. కానీ హాల్లోంచి ఎంతమంది లోపలికి వెళ్ళారో అంతమందీ బయటికి వచ్చారు. ఆడవాళ్ళు ఇళ్ళున్న చోటు చూసి గొల్లుమన్నారు, మళ్ళీ పిల్లల్ని తడుముకుని ఊరుకున్నారు. దాలమ్మ టార్పాలిన్ తాడిచెట్టుకి చుట్టుకుని, 'సుస్వాగతం' అన్న ముక్క ఒక్కటే గాలికి రెపరెపలాడుతోంది.

దారులు తెరిచాక కంపెనీ తరఫున మార్గిట్ అనే ఆవిడ వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, బురదలో నడవడానికి మోకాళ్ళదాకా బూట్లు తొడుక్కుని వచ్చింది. విశ్వంభరరావు ఎదురెళ్ళి, విరిగిన చెట్లకేసి చెయ్యి చాపి, ఫ్యాక్టరీ కోసం స్థలం చదును చేసే పని వేగంగా సాగుతోందని ఇంగ్లీషులో వివరించాడు.

ఆవిడ ఆయన మాట విని, సుభాషిణి వైపు తిరిగి, "ఇక్కడ ఏం జరిగింది?" అని అడిగింది.

విశ్వంభరరావు సుభాషిణి కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో బదిలీ ఉంది, సస్పెన్షన్ ఉంది. సుభాషిణి మార్గిట్ వైపు తిరిగింది.

"తుఫాను వచ్చింది మేడమ్," అంది. "పేట మొత్తం పోయింది. మనుషులు మాత్రం అందరూ ఉన్నారు. ముందే ఈ హాల్లోకి తెచ్చాం."

"పదేళ్ళలో ఇది మొదటిసారా?"

సుభాషిణి ఆ ప్రశ్నని తెలుగులో చెప్పగానే ఇసకపేట వాళ్ళు ఇల్లూ వాకిలీ పోయిన దుఃఖంలో కూడా నవ్వేశారు. మార్గిట్‌కి ఆ నవ్వు అర్థం కావడానికి తర్జుమా అక్కర్లేకపోయింది. హాలంతా తిరిగి చూసింది. పిల్లర్లు తట్టి చూసింది. ఎవరెవరు ఎలా వచ్చారో, ఏం తిన్నారో అడిగి తెలుసుకుని వెళ్ళిపోయింది.

నెల తర్వాత కంపెనీ నిర్ణయం వచ్చింది. ఏ ఆపదా రాలేదని చెప్పుకునే చోట ఇక ఫ్యాక్టరీ పెట్టరట. అలాంటి చోట ఆపద రాలేదని కాదు, చెప్పేవాళ్ళు లేరని అర్థమట. దెబ్బ తిని, మనుషుల్ని కాపాడుకుని, తొందరగా లేచి నిలబడటం తెలిసిన చోట్లనే పరిశీలిస్తారట.

రాజధానిలో ఆ కబురు తెలిసిన రోజే కొత్త విధానం పుట్టింది. విపత్తురహిత మండలాలు పోయి, విపత్తు అనుభవ మండలాలు వచ్చాయి. ఎన్ని ఎక్కువ విపత్తులుంటే అంత ఎక్కువ రాయితీ. జీపులు ఇసకపేట చేరాయి. అధికారులు కుర్చీలు వేసుకుని, వరసగా ప్రతి కుటుంబాన్నీ పిలిచి కష్టాలు అడిగారు. దాలమ్మ ఇంట్లో జరిగిన పరిమితికి మించిన వంటని భారీ అగ్నిప్రమాదంగా పెంచారు. డబ్బులిచ్చారు. మూడేళ్ళ కిందటి తుఫానుకీ ఇచ్చారు.

"ఇంకేమైనా మిగిలాయా అమ్మా? పాము కాటు, పిడుగు, ఏదైనా పర్వాలేదు," అని ఒక అధికారి ఆశగా అడిగాడు.

"మా ఆయన సముద్రంలో పోనాడు బాబూ, ఎనకటి గాలికి. అప్పుడు నానొచ్చి అడిగితే గాలే రానేదన్నారు."

అధికారి తల దించుకుని రాసుకున్నాడు.

సుభాషిణికి రెండు నోటీసులు వచ్చాయి. విపత్తు సమయంలో జనాన్ని తరలించకుండా రిహార్సల్ ఎందుకు పెట్టారని ఒకటి. రిహార్సల్ పేరుతో జనాన్ని ఎందుకు తరలించారని ఇంకొకటి. విశ్వంభరరావు కారు ఇన్సూరెన్సు కూడా ఇదే తరహాలో చిక్కుకుంది. విపత్తురహిత మండలమని ఆయన సంస్థే ప్రకటించిన చోట, తుఫానుకి చెట్టెలా పడిందని బీమావాళ్ళు అడుగుతున్నారు. మోటార్ల కంపెనీ ఇంకా ఆలోచిస్తూనే ఉంది. ఏ దేశం ఎంత చౌకగా పడిపోయి, ఎంత తొందరగా లేస్తుందో బేరీజు వేస్తోంది.

మరుసటి ఏడాది మళ్ళీ వాయుగుండం పట్టింది. సుభాషిణి ఈసారి ఎవర్నీ అడగలేదు. మైకు తనే పట్టుకుని ఇసకపేటలో ఇంటింటికీ తిరిగి, గాలొస్తోందని చెప్పి, అందర్నీ హాల్లో చేర్చింది. రెండు రోజులు ఎదురుచూశారు. వాయుగుండం నడిసముద్రంలోనే మనసు మార్చుకుని ఎటో పోయింది. జనం పేటకి తిరిగొచ్చి, పడవలు నీళ్ళలోకి తోశారు. ఆ రోజు వలలు చిరిగేటంత చేప పడింది.

సాయంత్రం విశ్వంభరరావు నుంచి అత్యవసర మెమో వచ్చింది. రాయితీకి లెక్కలోకి రావలసిన విపత్తు మువ్వలరేవులో ఎందుకు సంభవించలేదో, అందుకు బాధ్యులెవరో తక్షణం సంజాయిషీ పంపాలని అందులో ఉంది.

సుభాషిణి ఆఫీసులో అందరూ వెళ్ళిపోయాక కూర్చుని, పాత అలవాటు కొద్దీ "మిక్కిలి చింతిస్తూ" అని మొదలుపెట్టింది. ఒడ్డున ఇసకపేట ఆడవాళ్ళు గంపలు ఎత్తుకుంటూ ఒకరినొకరు కేకలేసుకోవడం కిటికీలోంచి వినిపిస్తోంది. అందరి గొంతుల మీద దాలమ్మ గొంతు. ఎవరితోనో బేరం పెట్టుకుని తిడుతోంది. సుభాషిణి కాసేపు విని, ఆ కాగితం చింపేసి, ఇంకో కాగితం తీసుకుంది.

"పై విషయములో సమర్పించు సంజాయిషీ ఏమనగా, మండలములో ఎవరికీ ఏమీ కాలేదు. అందుకు నేను చింతించడం లేదు."

సంతకం పెట్టి, కింద ఆఫీసు ముద్ర గట్టిగా వేసింది.